మాడిన నూనెకు బుడగల వైద్యం

గారెలు వేయించాక బాణలిలో మిగిలిన నల్లనూనెను మర్నాడు పోపులకి వాడేస్తున్నారా? వద్దండీ. దానితో లారీలు నడిపే బయోడీజిల్ చేస్తున్నారు!

నూనెకు మిథనాల్, కాస్త క్షారం కలిపితే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి. చిక్కల్లా నూనె, మిథనాల్ ఓ పట్టాన కలవకపోవడమే. కాఫీకి పెట్టిన నీళ్ళు మరగబోయే ముందు రొద చేస్తాయే, అది అడుగున పుట్టిన బుడగలు చితికే చప్పుడు. అల్ట్రాసౌండుతో నూనెలోనూ అలా బుడగలు పుట్టించి చితక్కొడితే, ఏ కవ్వమూ చిలకలేనంత సన్నగా రెండూ కలుస్తాయి. గంట పట్టే పని నిమిషాల్లో తెములుతుంది.

ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, మిథనాల్ కళ్ళు పోగొట్టే విషం.

ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. కొలిచే సాధనం మన వంటింట్లో ఎక్కడిది? నురగ, జిగురు, కమురు వాసన కనిపిస్తే సీసాలో పోసి పక్కన పెట్టేయండి. బయోడీజిల్‌కి కొనేవాళ్ళుంటే ఇవ్వండి, బజ్జీల బండికి మాత్రం వద్దు.