అరికాళ్ల మంటకు నొప్పి బిళ్ల మందు కాదు

"కాళ్లకి కారం రాసినట్టుంది బాబూ. పగలు ఎలాగో పడవ మీద గడిచిపోతాది. రాత్రయితే కునుకు పట్టదు. దుప్పటి తగిలినా ఓర్సుకోలేకపోతన్నాను."

భావనపాడు నుంచి వచ్చిన యాభై ఏళ్ల మత్స్యకారుడొకరు నాతో అన్న మాటలివి. కాళ్లకు దెబ్బ లేదు, వాపు లేదు. కీళ్లు బాగానే ఉన్నాయి. జేబులోంచి డైక్లోఫినాక్ బిళ్లల అట్ట తీసి చూపించాడు. ఆరు నెలలుగా రోజుకు రెండేసి మింగుతున్నాడట. అయినా మంట తగ్గలేదు. ఎందుకంటే ఆ నొప్పికి అది మందు కాదు.

దెబ్బ తగిలినా, కీలు వాచినా నొప్పి పుడుతుంది. ఆ వార్తను మెదడుకు మోసేవి నరాలు. ఒక్కొక్కప్పుడు నరమే చెడిపోతుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలాగా, ఏ కారణమూ లేకుండానే నొప్పి వార్తలు పంపుతుంది. ఇదే నరాల నొప్పి. డైక్లోఫినాక్ వంటి బిళ్లలు వాపును తగ్గిస్తాయి. ఇక్కడ వాపే లేదు గనుక వాటితో ప్రయోజనం ఉండదు.

ఈ నొప్పిని రోగి మాటలే పట్టిస్తాయి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లు, చీమలు పాకినట్లు, షాక్ కొట్టినట్లు ఉందంటారు. రాత్రిపూట ఎక్కువవుతుంది. మరో విచిత్రం - అదే పాదం మండుతుంది, అదే పాదానికి స్పర్శ తెలియదు. దూది, ట్యూనింగ్ ఫోర్కు, నైలాన్ పోగుతో వైద్యుడు అయిదు నిమిషాల్లో పరీక్షించవచ్చు.

కారణాల్లో మొదటిది చక్కెర వ్యాధి. తర్వాత అతిగా తాగడం, బి12 విటమిన్ లోపం, నడుము దగ్గర నరం ఒత్తుకోవడం, సర్పి తగ్గాక మిగిలే నొప్పి, కుష్ఠు. చర్మంపై స్పర్శలేని, పాలిపోయిన మచ్చ ఉంటే దాచుకోవద్దు. కుష్ఠుకు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. మూత్రపిండాలు బాగా చెడినా నరాలు దెబ్బతింటాయి.

ఉద్దానం వారికి ప్రత్యేకంగా చెప్పవలసిందొకటుంది. కొబ్బరి, జీడి తోటల ఈ సీమలో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ జబ్బుకు అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు మూత్రపిండాలకు హాని చేస్తాయన్నది తేలిన విషయమే. చెమటోడ్చి, నీళ్లు చాలక, ఆపైన ఈ బిళ్లలు మింగితే ముప్పు మరింత ఎక్కువ.

నరాల నొప్పికి మందులు వేరు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్ ముఖ్యమైనవి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి, అవి చెడినవారికి మోతాదు తగ్గించాలి. లేకుంటే మగత, తూలిపడటం తప్పవు. గుండె జబ్బు, నీటికాసులు, మూత్రం ఆగిపోయే బాధ ఉన్నవారు అమిట్రిప్టిలిన్‌కు ముందు ఆ సంగతి చెప్పాలి. అందుచేత ఒకరి చీటీతో మరొకరు మందు కొనుక్కోకూడదు. చీటీ రాసే ముందు రక్తంలో చక్కెర, క్రియాటినిన్ చూడటం మా వైద్యుల ధర్మం.

స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా ఇసుకలో, తోటల్లో నడవకూడదు. మంటకు వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, కాలినా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. హఠాత్తుగా కాళ్లు పడిపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఆ మత్స్యకారునికి చక్కెర ఉందని పరీక్షలో తేలింది. క్రియాటినిన్ కూడా కొంచెం ఎక్కువే. బిళ్లల అట్ట నా బల్ల మీదే పెట్టించాను. చక్కెరకు మందు, రాత్రికి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశాను. నెలన్నర తర్వాత వచ్చాడు. మంట పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. "నిద్దర పడతంది బాబూ" అన్నాడు. ఆ బిళ్లలు మానినందుకు అతని మూత్రపిండాలకు కూడా కొంత విశ్రాంతి దొరికింది.