గుడ్డుకు జ్వరం వస్తే?

గంపలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, పొదుగుకొచ్చిన పెట్టను కూర్చోబెడితే 21 రోజులకు పిల్లలు బయటికి రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. నాటుపెట్ట ఒకసారికి పది పన్నెండు గుడ్లు పొదుగుతుంది. ఇంకా ఎక్కువ పిల్లలు కావాలంటే ఇంక్యుబేటరు అనే పొదుగు యంత్రం ఉండాలి.

గుడ్డుకు ఎంత వేడి కావాలి? పంకా ఉన్న యంత్రంలో సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు. ఇంచుమించు మన ఒంటి వేడే! వేడి తగ్గితే పిల్లలు ఆలస్యంగా వస్తాయి. కాసేపు చల్లబడినా పిండం తట్టుకుంటుంది. పెట్ట కూడా రోజూ మేతకు లేచి వెళుతుంది కదా! కాని 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలుంటే గుడ్డుకు జ్వరం వచ్చినట్టే. పిండం చనిపోవచ్చు.

యంత్రంలో వేడిని అదుపు చేసేది థర్మోస్టాట్. కొన్నింటిలో రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచిస్తాయి. దాంతో పట్టీ వంగి విద్యుత్తును ఆపుతుంది. చల్లబడగానే తిరిగి కలుపుతుంది. హాలెండుకు చెందిన కార్నెలిస్ డ్రెబెల్ (1572–1633) ఆ రోజుల్లోనే పాదరసం సాయంతో పొదుగు పెట్టె వేడిని అదుపు చేశాడు.

ఇక్కడే ఒక చిక్కుంది. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు, చల్లదనాన్ని ఇవ్వలేదు! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఎండలు ముదిరితే పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గదే అంత వేడిగా ఉంటే దీపం ఆరినా పెట్టె చల్లబడదు. పైగా రెండో వారం దాటాక పిండాలు తామే చెప్పుకోదగినంత వేడిని పుట్టిస్తాయి.

మరేం చేయాలి? యంత్రాన్ని రేకుల షెడ్డులో కాక, మందపు గోడలున్న నీడగదిలో పెట్టాలి. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టాలి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. పెట్టెకున్న గాలి రంధ్రాలను మూయకూడదు.

థర్మామీటరు నిజం చెబుతోందా? దాన్ని, జ్వరం చూసే థర్మామీటరును కలిపి గోరువెచ్చని నీటిలో ఉంచండి. నీళ్లు వేడిగా ఉండకూడదు సుమా! యంత్రపుది అర డిగ్రీ ఎక్కువ చూపితే, ప్రతిసారీ అంత తీసివేసి చదవాలి. దాని కొనను గుడ్ల ఎత్తులోనే అమర్చాలి.

వచ్చే వేసవిలో మీ ఇంటి గదుల ఉష్ణోగ్రతను గంటకోసారి రాసిపెట్టండి. అన్నిటికంటే చల్లగా ఉండే గది ఏదో కనిపెట్టండి. పొదుగు యంత్రానికి తగిన చోటు అదే!