బేస్ గిటారు: తంతి పొడవు

మంద్రస్థాయిని పలికించు బేస్ గిటారును పనివానికి చెప్పి చేయించుకొనువారు కొయ్యను గూర్చి, రంగును గూర్చి చాలసేపు ముచ్చటింతురు. మొదట తేల్చుకొనవలసినది తంతి మ్రోగు పొడవు. బొబ్బిలి వీణలో మెట్లు మైనముపై నిలుచును గనుక వానిని సవరింపవచ్చును. గిటారులో మెట్లకు గాడులు కోసిన పిదప ఆ వీలు లేదు.

సాధారణముగా ఈ పొడవు 34 అంగుళములు. నాలుగు తంతులలో లావైనది సెకండుకు దాదాపు 41 సార్లు కంపించును. ఇంకను క్రిందిస్వరమునకు అయిదవ తంతిని కోరినచో, అది 31 సార్లే కంపించవలెను. బిగువు చాలని తంతి మెట్లకు తగిలి గరగరలాడును. మరింత లావు తంతి వేసినచో బిరుసు హెచ్చి అతిస్వరములు శ్రుతి తప్పును. అందుచే కొందరు 35 అంగుళములు కోరుదురు. తంతియు స్వరమును మారనిచో బిగువు పొడవు వర్గమునకు అనులోమానుపాతములో నుండును. ఆ ఒక్క అంగుళమునకే సుమారు 6 శాతము పెరుగును.

అయితే శ్రమ వ్రేళ్లది. మొదటి నాలుగు మెట్ల దూరము 178 మిల్లీమీటర్ల నుండి 183కు పెరుగును. 30 అంగుళముల వాద్యము చిన్న చేతులకు సుఖమేగాని, బిగువు 22 శాతము తగ్గును.

కొందరు పనివారు లావు తంతికి 35, సన్నదానికి 33 అంగుళములు ఉంచి చేయుదురు. అప్పుడు మెట్లు విసనకఱ్ఱ పుల్లలవలె ఏటవాలుగా పరచుకొనును.