కలకు రూపమిస్తే కలత తీరుతుందా?

రాత్రి కన్న కల ముఖం కడుక్కునేలోపే కరిగిపోతుంది. అది మిగిల్చిన గుబులు మాత్రం మధ్యాహ్నమైనా వదలదు. కల ఫలమేమిటో తెలుసుకోవాలని పంచాంగం తిరగేసేవారు మనలో ఎందరో! ఫలం కన్న ముందు ఆ కలలోని భావాన్ని గుర్తించడం మేలు. అందుకొక పెన్సిలు, ఒక తెల్లకాగితం చాలు.

చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు విధాలని చెప్పబడింది. అవి దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించినవి అయిన మొదటి ఐదింటికీ ఫలం లేదని చరకుని నిర్ణయం. అంటే అవి మన అనుభవాలకూ కోరికలకూ ప్రతిబింబాలు.

పాశ్చాత్య దేశాలలో స్విట్జర్లాండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ తన అంతరంగ దృశ్యాలను రంగులలో చిత్రించుకున్నాడు. ఆ 'రెడ్ బుక్' 2009లో అచ్చయింది. క్షయవ్యాధి నుండి కోలుకుంటూ బొమ్మలు వేసి ఊరట పొందిన ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, 1942లో ఈ పద్ధతికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టాడు.

సికింద్రాబాదు చిలకలగూడలో మేమున్న ఇంటికి రాత్రిళ్ళు రైలుకూత వినిపించేది. మా నాన్నగారికి తరచు ఒకే కల వచ్చేది. తాను ప్లాట్‌ఫారంపై నిలబడి ఉండగానే బండి కదిలిపోతుంది. దిష్టి తగిలిందని అమ్మ ఉప్పు తిప్పి పోసింది. ఒక ఉదయం నేను కాగితమిచ్చి ఆ కలను గీయమన్నాను. వంకరగీతలతో బండిని గీసి, కిటికీలో ఒక ముఖం పెట్టారు. "ఎవరు నాన్నగారూ?" అన్నాను. చాలాసేపటికి, "మీ బాబాయి. పొలం తగాదాలో పంతం పట్టి, వాడి ఆఖరి చూపుకైనా వెళ్ళలేదు" అన్నారు. ఆ కల రావడం పూర్తిగా ఆగలేదు. కాని ఆనాటి నుండి ఆయన బాబాయి ముచ్చట్లు మాతో చెప్పుకోసాగారు.

ఆచరణ విధానం:

1. నిద్ర లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, పది నిమిషాలు గీయండి. అందంగా ఉండనక్కరలేదు.

2. బాగా గుర్తున్న దృశ్యాన్నే ముందు గీయండి. తేదీ వేసి దాచుకోండి.

3. ఈ బొమ్మలో నేనెక్కడున్నాను? ఏ భాగం చూస్తే మనసు బరువెక్కుతోంది? మెలకువలో అటువంటి భావం ఎప్పుడు కలిగింది? అని ప్రశ్నించుకోండి.

4. ఒకరి బొమ్మకు మరొకరు అర్థం చెప్పరాదు. పాము కనిపిస్తే అందరికీ అర్థం ఒకటే కాదు.

పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన హితకరం. నిద్ర కలిగించేవాటిలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. జీర్ణశక్తి మందంగా ఉన్నవారు మితంగా తీసుకోవాలి.

గీస్తుండగా భయం పెరిగితే వెంటనే ఆపండి. పీడకలలు వారాల తరబడి నిద్ర చెడగొడుతున్నా, బ్రతుకుపై విరక్తి కలిగినా మానసిక వైద్యుని సంప్రదించడం తప్పనిసరి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ 'టెలి మానస్' 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

రేపటి ఉదయం దిండు పక్కన కాగితం సిద్ధంగా ఉంచుకోండి. నోటితో చెప్పలేని మాటను ఒక్కొక్కసారి చేయి చెబుతుంది.