ట్యాంకు కథ

ఆ మధ్య రామప్ప గుడికి బయలుదేరుతుంటే మా మనుమరాలు ఇంగ్లీషు పటం చూసి, "తాతా, గుడి పక్కన ట్యాంకు వున్నదట! పేలుస్తారా?" అని అడిగింది. పాపం, ఆ పిల్లకు తెలిసిన ట్యాంకులు రెండే. ఒకటి మా డాబా మీది నీళ్ళది, రెండోది సినిమాలో ఫిరంగిది. అది కాకతీయులనాటి చెరువమ్మా అంటే ఒక పట్టాన నమ్మలేదు.

చిత్రమేమంటే, ఈ మాట మన దేశంనుంచి వెళ్ళిందేనని నిఘంటువులు చెబుతాయి. నీళ్ళ తొట్టిని గుజరాతీలో 'టాంకుం', మరాఠీలో 'టాంకే' అంటారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు దాన్ని పట్టుకుపోయారు. పోర్చుగీసు 'తాంకె' కూడా తోడైందట. ఆ తర్వాత గణపతిదేవుని కాలంనాటి పాకాల చెరువు కూడా వాళ్ళ లెక్కలో ట్యాంకే!

1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఇనుప యుద్ధశకటాలు రహస్యంగా తయారయ్యాయి. గుట్టు పొక్కకుండా వాటిని నీళ్ళ తొట్లని చెప్పారు. 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగంలో అవి ముళ్ళకంచెలు తొక్కుకుంటూ వచ్చాక మారుపేరే అసలు పేరై కూర్చుంది. ఈతకొలనునూ ట్యాంకనేవారు గనుక, ఈతదుస్తులను పోలిన చేతుల్లేని బనీను 'ట్యాంక్ టాప్' అయింది. పండితులు కూడి ఆలోచించే సంస్థ 'థింక్ ట్యాంక్'. అందులో నీళ్ళుండవు.

ఆ మాట ఎన్ని వేషాలు వేసినా నాకు అభ్యంతరం లేదు. మన చెరువును తొట్టి చేయడమే బాధ. తొట్టి కదలదు, పెరగదు. చెరువుకు కట్ట, తూము, మత్తడి, శిఖం వుంటాయి. ఎండలకు ముడుచుకుంటుంది, వానలకు తన శిఖమంతా తిరిగి తీసుకుంటుంది. పైచెరువు మత్తడి దూకితే కిందిచెరువు నిండుతుంది.

మా షడ్డకుడు హనుమకొండలో జాగా కొన్నాడు. ప్లాట్ల పటంలో తూర్పున 'ట్యాంకు' అని వుంది. "అన్నా, నీళ్ళ ట్యాంకు పక్కనే! నీళ్ళకు కొదవుండదు" అని సంబరపడ్డాడు. అది వేసవి. తూర్పున తుమ్మచెట్లూ బర్రెలూ తప్ప ఏమీ లేవు. ఇన్ని నిఘంటువులు తిరగేసే నేనూ తల వూపాను సుమా!

2020 ఆగస్టు వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలెన్నో మునిగాయి. ఆయన ముందుగదిలో మోకాటిలోతు నీళ్ళు. మా మరదలు బియ్యం డబ్బా మంచమెక్కించి, తానూ దాని పక్కనే కూర్చుంది. ఆయన ఫోను చేసి, "అన్నా, నీళ్ళకు కొదవ లేదే!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు చుట్టాల్లో ఎవరు జాగా కొంటామన్నా పటం ముందు ఆయన చేతికే పోతుంది. ఎర్ర పెన్సిలుతో 'ట్యాంకు' కొట్టేసి, పెద్ద అక్షరాలతో 'చెరువు' అని రాసి ఇస్తాడు.