శిఖరానికి వెల కట్టేదెవరు?

కాంచనగంగ ఎత్తు 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడోది. 1955 మే 25న దాన్ని మొదటిసారి ఎక్కిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ కొనకు కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. ఓపిక లేక కాదు. ఆ కొండను దైవంగా కొలిచే సిక్కిం ప్రజల మనసు నొప్పించకుండా, శిఖరాగ్రం మీద కాలు పెట్టబోమని వాళ్ల బృందం ముందే మాటిచ్చింది. 2000లో సిక్కిం వైపు నుంచి ఒక ఆస్ట్రియా బృందానికి అనుమతి ఇస్తే స్థానిక బౌద్ధులు గట్టిగా అడ్డుచెప్పారు. మరుసటి ఏడాదే ఆ దారి మూసేశారు. అదే కొండను నేపాల్ వైపు నుంచి రుసుము కట్టి ఎక్కొచ్చు.

నేపాల్ వాళ్లకు భక్తి లేదనుకుంటే పొరపాటే. ఎవరెస్ట్ బేస్ క్యాంపులో షెర్పాలు రాళ్లతో గద్దె పేరుస్తారు, జూనిపర్ కొమ్మల పొగ వేస్తారు, మంచుగొడ్డళ్లు దాని దగ్గర పెట్టి పూజ చేశాకే అడుగు ముందుకేస్తారు. బంగాళాదుంపల సాగు, జడలబర్రెల మీద బతికిన షెర్పాల ఖుంబు లోయకు ఆరోహకుల వెంట కొండ ఎక్కే పనే కూడు పెట్టింది. ప్రాణాలూ తీసింది: 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. ఎవరెస్ట్‌కు ఒక్కో విదేశీ ఆరోహకుడు కట్టే రుసుము 2025 సెప్టెంబరులో 11,000 డాలర్ల నుంచి 15,000కు పెరిగింది.

భూటాన్ దారి వేరు. 1994లో 6,000 మీటర్లు దాటిన శిఖరాలు ఎక్కడాన్ని, 2003లో పర్వతారోహణను మొత్తంగా నిషేధించింది. అక్కడి 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పున్సుమ్ శిఖరాన్ని ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు. దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఎక్కేవాళ్ల డబ్బు వదులుకుని, చూడవచ్చేవాళ్ల దగ్గర రుసుము తీసుకుంటున్నారు. 2022లో విదేశీయులకు రాత్రికి 200 డాలర్లు చేశారు. పర్యాటకులు అనుకున్నంతగా రాకపోవడంతో 2023లో 100కు దించారు. విలువలకు కట్టుబడినా ఇల్లు గడవాలి కదా!

నా దృష్టిలో నేపాల్, భూటాన్ దారుల్లో ఒకటి ఒప్పు, ఇంకోటి తప్పు కాదు. లాభమైనా నష్టమైనా మోసేది కొండ కింద బతికేవాళ్లే కాబట్టి తెరవాలో మూయాలో చెప్పాల్సిందీ వాళ్లే.

వాళ్లు కట్టిన వెలను గౌరవించడమే మన వంతు. భూటాన్‌లో భారతీయులకు పర్యాటక రుసుము రాత్రికి 1,200 రూపాయలు. వెళ్లే తెలుగువాళ్లు అది ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే అడగండి. ఆ సొమ్ము అక్కడి ఉచిత చదువుకూ వైద్యానికీ ఉపయోగపడుతుంది. బేరమాడకుండా కట్టండి.