తల మీద సముద్రం

తాడిపత్రి నుంచి కడప, రేణిగుంట మీదుగా మద్రాసుకు రైళ్లు పోతాయి. మద్రాసుకే ఇప్పుడు చెన్నై అని పేరు. అక్కడ సముద్రపు చేపలను బతికుండగానే చూడవచ్చు. చేపలను పెట్టి చూపించే చోటును అక్వేరియం అంటారు. 1909లోనే మెరీనా బీచి దగ్గర ఒకటి తెరిచారు. అది ఇప్పుడు లేదు. 2019లో వి.జి.పి. మెరైన్ కింగ్‌డమ్ అనే పెద్దది వచ్చింది. అందులో సొరంగం లాంటి దారి ఉంది. మనుషులు నడుస్తుంటే తల మీద చేపలు ఈదుతుంటాయి.

మరి అన్ని నీళ్లు మీద పడవా? లీటరు నీళ్లు కిలో బరువు. బిందెలు మోసే ఆడవాళ్లకు ఆ బరువు వేరే చెప్పాలా! ఇంత పెద్ద తొట్టిలో వేల బిందెల నీళ్లుంటాయి. కిటికీ అద్దం లాంటిదైతే పగిలిపోతుంది. అందుకే యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్కుతో మందంగా గోడ చేస్తారు. చూడ్డానికి గాజు లాగే ఉంటుంది.

సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లను రోజూ పారబోయరు. వడగట్టి, గాలి కలిపి, మళ్లీ తొట్టిలోకే వదులుతారు. మోటారు ఆగిపోతే చేపలకు ఊపిరాడదు.

ఇంకో గండం ఉంది. చేపలు తొట్టిలోనే తింటాయి, తొట్టిలోనే విసర్జిస్తాయి. దానితో అమ్మోనియా అనే విషం పుడుతుంది. వడపోతలో పెరిగే మంచి క్రిములు ఆ విషాన్ని విరిచేస్తాయి. క్రిములు తగ్గితే, నీళ్లు తేటగా ఉన్నా చేపలు చస్తాయి. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. అవీ తేటగానే ఉంటాయి కదా! అక్వేరియం వాళ్లు నీళ్లను పట్టి తరచూ పరీక్ష చేస్తారు. ఊళ్లో బోరు నీళ్లకూ పరీక్ష ఉంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో చేస్తారు. పంచాయతీలో అడగవచ్చు.